పాఠశాలను నిలుపువా రెవరు?

టస్కీజీ విద్యాలయ చరిత్రనుండి యొక పాఠము

పాఠశాల యనగా నేమి యని యెవరైన నడిగినచో, చిన్న తరగతులలోని బాలుడు గోడలను, గంటను, ఆటస్థలమును చూపును. తల్లిదండ్రులు పరీక్షాఫలితములను తలంతురు. కార్యనిర్వాహకులు జమాఖర్చు పుస్తకమును విప్పుదురు. ఇవి యన్నియు పాఠశాలకు వలసినవే. కాని గోడలు కూలవచ్చును. ఫలితములు ఒక యేడు హెచ్చి మఱుసటి యేడు తగ్గవచ్చును. దాతలు కాలవశమున గతింతురు. అట్లయ్యును కొన్ని పాఠశాలలు నూఱేండ్లు దాటియు నిలిచియుండుటకును, కొన్ని స్థాపకులతోడనే యంతరించుటకును కారణ మేమి? ఈ ప్రశ్నను గూర్చి యీ వ్యాసమున కొంత విచారింప దలచితిని.

దీనికి మఱియొక కారణమును కలదు. కొంతకాలము క్రిందట నొక విద్యార్థి తండ్రి నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా వాని చేతికి పుస్తక మిచ్చెదరని పంపితిమి గాని చీపు రిచ్చెదరని గాదు" అని మిక్కిలి కష్టముతో పలికెను. ఆ వారము వాని తరగతివారు తమ గదిని తామే కడిగి శుభ్రపఱచుకొనిరి. ఆ తండ్రి దినమెల్ల ఎండలో పనిచేయువాడు. తన కుమారుడైన నా పనినుండి తప్పించుకొనవలెనను నాశతోనే ఫీజు చెల్లించుచున్నాడు. ఆయన మాటలో గర్వము లేదు, బాధయే యున్నది. నా కప్పుడు తగిన ప్రత్యుత్తరము తోచలేదు. "మీ రన్నది యాలోచింతు నండి" అని మాత్రము చెప్పి పంపితిని. తరువాత నింటికి వచ్చి, బోధనాభ్యసన కళాశాలలో చదువుకొన్న దినములనాటి పుస్తకములను తిరుగవేయగా, టస్కీజీ విద్యాలయ చరిత్ర నాకు మరల కనబడెను. ఆయన కియ్యవలసిన ప్రత్యుత్తరము అందే కలదని నాకు తోచినది.

1. ప్రవేశపరీక్ష

అమెరికా దేశమున వర్జీనియా రాష్ట్రమందలి యొక పొలములో 1856 వ సంవత్సరమున నొక బానిస స్త్రీకి బుకర్ అను కుమారుడు పుట్టెను. 1865 లో అంతర్యుద్ధము ముగిసి బానిసత్వము తొలగిన పిమ్మట ఆ కుటుంబము పశ్చిమ వర్జీనియాలోని మాల్డెన్ అను నూరు చేరెను. అచ్చట నా బాలుడు ఉప్పు కాచు బట్టీలయందును, బొగ్గుగనియందును కూలిపని చేసెను. బడిలో నుపాధ్యాయుడు పూర్తి పేరు చెప్పుమనగా, ఇంటిపేరు లేని యా బాలుడు అప్పటికప్పుడు 'వాషింగ్టన్' అని తానే పెట్టుకొనెను. ఆ పేరుతోనే యాతడు లోకప్రసిద్ధు డయ్యెను.

ఒకనాడు గనిలో నిద్దఱు పనివాండ్రు మాటలాడుకొనుచు, హాంప్టన్ అను చోట నల్లజాతి బిడ్డలకు గొప్ప పాఠశాల వెలసినదనియు, పేదవారు అచ్చట పనిచేసి తమ భోజనపు ఖర్చు తీర్చుకొనవచ్చుననియు చెప్పుకొనిరి. ఆ మాట బుకరు చెవిని బడెను. అది మొదలు వానికి వేఱు తలంపు లేదు. 1872 లో సుమారు 500 మైళ్ల ప్రయాణమునకు బయలుదేరెను. రిచ్మండ్ నగరము చేరునప్పటికి చేత కాసు లేదు. వీథిప్రక్క పలకలతో నెత్తుగా కట్టిన నడవ క్రింద రాత్రులు పరుండి, పగలు రేవున ఓడలనుండి ఇనుము దింపు కూలి చేసి, కొంత కూడబెట్టి, తుదకు హాంప్టను చేరునప్పటికి వానియొద్ద మిగిలినది 50 సెంట్లు, అనగా నర డాలరు మాత్రమే.

మాసిన బట్టలతో వచ్చిన యా బాలుని జూచి అచ్చటి ప్రధానోపాధ్యాయిని కొంతసేపు వఱకు చేర్చుకొనునదియు లేనిదియు చెప్పలేదు. పిమ్మట ప్రక్కగదిని ఊడ్వుమని చీపు రిచ్చెను. బుకరు ఆ గదిని మూడు మారులు ఊడ్చెను. నాలుగు మారులు గుడ్డతో తుడిచెను. మూలమూలలు వెదకి దుమ్ము తీసెను. ఆమె వచ్చి తన చేతిరుమాలుతో గోడలను, బల్లలను రుద్ది చూచి, ఎక్కడను లేశమైనను మాలిన్యము గానక, వానిని చేర్చుకొనుట కంగీకరించెను. అదియే యాతని ప్రవేశపరీక్ష. పాఠశాలను శుభ్రపఱచు పనియు వానికే దొరకెను; దానితో భోజనము జరుగుచుండెను. బోధనకై సంవత్సరమునకు 70 డాలరులు చెల్లింపవలసియుండగా, న్యూబెడ్‌ఫర్డ్ పట్టణపు దాత యొకడు చెల్లించెను.

హాంప్టను విద్యాలయమును 1868 లో స్థాపించినవాడు శామ్యూల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను సేనాని. ఆయన హవాయి ద్వీపములలో మిషనరీల కుమారుడుగా పుట్టి, యుద్ధమున నల్లజాతి సైనికదళములకు నాయకత్వము వహించెను. విద్యార్థులకు కేవలము దానము చేయుటకంటె, వారు తమ కాళ్లపై నిలుచునట్లు చేయుట మేలని యాయన నమ్మకము. బుకరు 1875 లో అచ్చట చదువు ముగించి, స్వగ్రామమున ఉపాధ్యాయుడుగా పనిచేసి, 1879 లో హాంప్టనుకే బోధకుడై తిరిగి వచ్చెను. పూర్వ విద్యార్థి యొకడు తన పాఠశాలకు చేయగల మొదటి సహాయ మిదియే: తిరిగి వచ్చి పనిచేయుట.

2. పాకలో పాఠశాల

దక్షిణమున అలబామా రాష్ట్రమున టస్కీజీ యను చిన్న పట్టణము కలదు. పూర్వము బానిసగా నుండి రేకుపనిచే జీవించుచుండిన లూయీ ఆడమ్స్ అనునాతడును, పూర్వము బానిసల యజమానుడైన జార్జి క్యాంబెల్ అను వర్తకుడును కలిసి, నల్లజాతి ఉపాధ్యాయులను తయారుచేయు పాఠశాల యొకటి తమ యూర నుండవలెనని యత్నించిరి. రాష్ట్ర శాసనసభ సంవత్సరమునకు 2,000 డాలరులు మంజూరు చేసెను. కాని యా ధనము ఉపాధ్యాయుల జీతములకు మాత్రమే వినియోగింపవలెను. భూమి లేదు, భవనము లేదు, బల్ల లేదు, పలక లేదు. ప్రధానోపాధ్యాయుని పంపుమని వారు ఆర్మ్‌స్ట్రాంగునకు వ్రాయగా, ఆయన తన పూర్వ విద్యార్థియైన వాషింగ్టనును పంపెను.

1881 వ సంవత్సరము జూలై 4 వ తేదీన, ఒక దేవాలయమును దాని ప్రక్కనున్న పాకయు ఆశ్రయముగా, 30 మంది విద్యార్థులతో పాఠశాల తెఱవబడెను. వాన కురిసినప్పుడు పెద్ద విద్యార్థి యొకడు తన పాఠము మాని లేచి, మిగిలినవారి పాఠములు వినుచున్న యుపాధ్యాయునిపై గొడుగు పట్టుచుండెను. చదువరులారా, ఆ దృశ్యము నొక్కసారి మనస్సున నిలుపుడు. అచ్చట పాఠశాల యనదగిన దేమి? కారుచున్న యా కప్పు గాదు. గొడుగు పట్టిన యా చేయి.

ఆఱు వారములు గడచిన పిమ్మట ఒలీవియా డేవిడ్‌సన్ అను నుపాధ్యాయిని వచ్చి చేరెను. ఈమెయు హాంప్టనున చదివినదే. ఊరి ప్రక్కన 100 ఎకరముల పాత పొలమొకటి 500 డాలరులకు అమ్మకమునకు వచ్చెను. అందలి పెద్ద భవనము పూర్వమే కాలిపోయినది. మిగిలినవానిలో వంటగదియు, గుఱ్ఱపుశాలయు, కోళ్ల కొట్టమును ఉండెను. సగము సొమ్ము ముందుగా కట్టవలెను. వాషింగ్టను హాంప్టను కోశాధికారికి వ్రాయగా, విద్యాలయపు ధనము అప్పిచ్చుట కధికారము లేకపోయినను, ఆయన తన సొంత సొమ్ము 250 డాలరు లిచ్చెను. గుఱ్ఱపుశాలయు, కోళ్ల కొట్టమును శుభ్రపఱచి అందే తరగతులు నడిపిరి. డేవిడ్‌సన్ ఇంటింటికిని తిరిగి, ఒకరియొద్ద రొట్టెయు, ఒకరియొద్ద కోడియు అడిగి తెచ్చి, విందులు జరిపి వానిమీద వచ్చిన సొమ్ము కూడబెట్టెను. మూడు నెలలలో అప్పు తీరెను. మఱి రెండు నెలలలో భూమి వెల యంతయు చెల్లెను.

3. నాలుగవ ఆవము

ఇక నా పొలము బాగుచేయవలసి వచ్చెను. మధ్యాహ్నము తరగతులు ముగిసిన పిమ్మట పొదలు నఱకుటకు రండని వాషింగ్టను పిలువగా, విద్యార్థులు సంకోచించిరి. వారిలో పలువురు అప్పటికే చిన్న బడులలో నుపాధ్యాయులు. చదువుకొన్నవాడు గొడ్డలి పట్టుట వారికి చిన్నతనముగా తోచెను. వాషింగ్టను వాదింపలేదు. తాను గొడ్డలి భుజమున వేసికొని ముందు నడచెను. ప్రధానోపాధ్యాయుడే చెట్లు నఱకుట చూచి విద్యార్థులును వెంబడించిరి. కొన్ని వారములలో 20 ఎకరములు సాగునకు వచ్చెను.

భవనములు కట్టుటకు ఇటుకలు కావలెను. ఆ యూర ఇటుకలు చేయువారు లేరు. విద్యార్థులచేతనే చేయింప నిశ్చయించిరి. మోకాళ్ల లోతు బురదలో నిలిచి మన్ను త్రొక్కుట యెట్టి పనియో మన గోదావరి, కృష్ణా తీరములలో ఇటుకపని చూచినవారికి చెప్పనక్కఱలేదు. కొందఱు విద్యార్థులు ఆ పనికి జడిసి పాఠశాలయే విడిచిపోయిరి. మిగిలినవారు కష్టపడి 25,000 ఇటుకలు పోసి ఆవమున పేర్చి కాల్చిరి. ఆవము సరిగా కట్టకపోవుటచే నవి చెడిపోయెను. రెండవ ఆవమును చెడెను. మూడవ ఆవము వారము దినములు కాలి, ఇక నిటుకలు చేతికి వచ్చునని యందఱు సంతోషించుచుండగా, నడురేయి కూలిపోయెను.

చేత నొక డాలరు లేదు. తోటి యుపాధ్యాయులు ఈ పని మానుకొనుమని చెప్పిరి. అప్పుడు వాషింగ్టను తన గడియారమును మాంట్గొమరీ నగరమునకు తీసికొనిపోయి 15 డాలరులకు కుదువబెట్టి, ఆ సొమ్ముతో నాలుగవ ఆవమును పేర్పించెను. అది చక్కగా కాలెను. గడువు తీరులోపల సొమ్ము చేకూరకపోవుటచే నా గడియారము మరల నాతనికి దక్కలేదు. కాని యిటుకలు దక్కెను. కొంతకాలమునకు, ఆ పాఠశాలయం దేమాత్రమును సానుభూతి లేని తెల్లజాతివారు సైతము మంచి యిటుకలకై అచ్చటికే రాసాగిరి. మాటలతో కరగని ద్వేషము కొంతవఱకు మంచి పనిచే కరగెను.

ఇచ్చట తల్లిదండ్రులను గూర్చి యొక మాట చెప్పవలెను. తమ బిడ్డలచేత పని చేయించుట తగదని టస్కీజీకి అనేకమైన యుత్తరములు వచ్చెను. కొందఱు తామే వచ్చి వాదించిరి. పుస్తకములు తప్ప వేఱేదియు నేర్పవలదని క్రొత్త విద్యార్థులతో కబురు పంపినవారును కలరు. వారిని మనము నిందింపరాదు. కొరడాక్రింద పనిచేసిన జాతికి పని యనగా బానిసత్వమే తోచుట సహజము. వాషింగ్టను వారిని కోపింపక, రాష్ట్రమున ఊరూర తిరిగి వారితో మాటలాడి, బలవంతముగా చేసిన పనికిని, తనకొఱకు తాను చేసికొనిన పనికిని గల భేదమును తెలియజెప్పెను. ఆ విధానమును విడువలేదు, తల్లిదండ్రులనును విడువలేదు.

దీని ఫల మెట్టిదో వాషింగ్టను తన యాత్మకథలో చెప్పియున్నాడు. ఎవడైన క్రొత్త విద్యార్థి భవనపు గోడపై పెన్సిలుతో గీయబోయినను, కత్తితో చెక్కబోయినను, పాత విద్యార్థి వానిని వారించి, ఇది మన భవనమనియు, దీనిని కట్టుటలో తన చేయియు కలదనియు చెప్పుటను తాను పలుమారులు వింటినని వ్రాసెను. ఈ వ్యాసమునకు మూలమైన ప్రశ్నకు సమాధానము నాకిచ్చటనే దొరకినది. తాను కట్టినదానిని మనుష్యుడు కాపాడును. ఇతరులు కట్టి యిచ్చినదానిని వాడుకొని పోవును.

4. ఆఱు గ్రుడ్లును ఆఱు లక్షలును

టస్కీజీ యారంభదినములలో డెబ్బది యేండ్లు దాటిన యొక ముదుసలి, చినిగినను శుభ్రమైన బట్టలు ధరించి, కఱ్ఱ యూతగా వాషింగ్టను గదికి వచ్చెను. తన మంచి దినములన్నియు బానిసత్వమున గడచిపోయినవనియు, చదువు తనకు లేకపోయినను ఈ బిడ్డల చదువునకై తా నేమైన నియ్యవలెననియు చెప్పి, తాను కూడబెట్టిన ఆఱు కోడిగ్రుడ్లను వాని చేత బెట్టెను. పిమ్మట నా విద్యాలయమునకు గొప్ప ధనికులు దాతలైరి. ఆండ్రూ కార్నెగీ గ్రంథాలయ భవనమునకు 20,000 డాలరు లిచ్చెను. 1903 లో మూలనిధికై 6,00,000 డాలరు లిచ్చెను. అయినను తన కెన్ని విరాళములు వచ్చినను ఆ ఆఱు గ్రుడ్లవలె నేదియు తన హృదయమును కదలింపలేదని వాషింగ్టను వ్రాసెను.

దీనిని భావావేశముగా మాత్రమే గ్రహింపరాదు. ఇందు లెక్కయు కలదు. షికాగో వర్తకుడైన జూలియస్ రోసెన్‌వాల్డ్ 1912 లో టస్కీజీ ధర్మకర్తలలో నొకడయ్యెను. ఆయన సొమ్ముతో వాషింగ్టను మొదట ఆ పరిసర గ్రామములలో ఆఱు చిన్న పాఠశాలలు కట్టించెను. ఆ యేర్పాటులో నియమ మేమనగా, గ్రామస్థులు తమ వంతు సొమ్ముగాని, భూమిగాని, పనిగాని యియ్యవలెను. ఈ పద్ధతిని 1932 నాటికి 15 రాష్ట్రములలో 5,000 కు మించిన పాఠశాలాభవనములు వెలసెను. పేదలైన నల్లజాతి గ్రామస్థులు చందాల రూపమున నిచ్చినది సుమారు 47 లక్షల డాలరులు. రోసెన్‌వాల్డ్ నిధి యిచ్చినదానికంటె నది కొంత యెక్కువయే. పెద్ద దానము చిన్న దానములను మేల్కొలిపినప్పుడే యది నిజమైన దానము. చిన్న దానములను నిద్రపుచ్చు పెద్ద దానము పాఠశాలకు మేలుకంటె కీడే యెక్కువ చేయును.

5. ఋణము తీర్చిన శిష్యులు

విద్యార్థి తన పాఠశాల ఋణమును తీర్చు మార్గములు రెండు. ఒకటి పాఠశాలకే తిరిగి యిచ్చుట. రెండవది, తాను పొందినదానిని తనవలె పొందలేనివారికి అందించుట. రెండవ మార్గమును గూర్చి మనము తఱచు మఱతుము. టస్కీజీ శిష్యు లీ మార్గమున చేసిన పని యాశ్చర్యకరము.

కార్నీలియా బోవెన్ టస్కీజీలో 1885 లో పట్టభద్రులైన మొదటి తరగతివారిలో నొకతె. విద్యాలయము కొన్న యా పాత పొలముమీదనే యామె పుట్టెను. చదువు ముగిసిన పిమ్మట, 1888 లో అలబామాలోని మౌంట్ మెగ్స్ అను గ్రామమున ఆమె పాఠశాల నెలకొల్పెను. విలియం ఎడ్వర్డ్స్ 1893 లో స్నో హిల్ అను చోట పాఠశాల పెట్టెను. విలియం హోల్ట్‌జ్‌క్లా 1903 లో మిసిసిపీ రాష్ట్రమందలి యుటికాలో పాఠశాల స్థాపించెను.

వీరందఱిలో ఎలిజబెత్ ఎవెలిన్ రైట్ చరిత్ర మిక్కిలి హృదయద్రావకము. ఆమె యారోగ్యము చిన్ననాటినుండి దుర్బలము. టస్కీజీలో పగలు పనిచేసి రాత్రి తరగతులలో చదువుకొనెను. దక్షిణ కరోలినాలో పాఠశాల పెట్టుటకు ఆమె చేసిన తొలి ప్రయత్నములను దుష్టులు నిప్పుపెట్టి నాశనము చేసిరి. ఆమె వెనుదీయక 1897 లో డెన్మార్క్ అను పట్టణమున ఒక పాత దుకాణము మేడమీద మరల నారంభించెను. 1906 లో ముప్పదినాలుగేండ్ల ప్రాయముననే యామె మరణించెను. ఆ పాఠశాల నేడు వూర్‌హీస్ విశ్వవిద్యాలయమను పేర బోధన సాగించుచున్నది.

హాంప్టనున ఊడ్చిన గదినుండి టస్కీజీ పుట్టెను. టస్కీజీనుండి యిన్ని పాఠశాలలు పుట్టెను. మఱ్ఱివిత్తనము చేతబట్టి చూచినవాడు దానిలో నూడలను కానజాలడు గదా.

6. నాయకుడు పోయిన పిమ్మట

వాషింగ్టను 1915 వ సంవత్సరము నవంబరు 14 వ తేదీన మరణించెను. పాకలో 30 మందితో మొదలైన విద్యాలయమున అప్పటికి 100 కు మించిన భవనములును, సుమారు 1,500 మంది విద్యార్థులును, దాదాపు 200 మంది యుపాధ్యాయులును, సుమారు 20 లక్షల డాలరుల మూలనిధియు నుండెను.

అయినను సత్యమును మఱుగుపఱచుట విద్యార్థికి తగదు. ఆ కాలముననే డబ్ల్యు. ఇ. బి. డుబాయిస్ అను గొప్ప విద్వాంసుడు 1903 లో ప్రకటించిన తన గ్రంథమున వాషింగ్టను మార్గమును తీవ్రముగా విమర్శించెను. చేతిపనులకే ప్రాధాన్య మిచ్చుటచే ఉన్నతవిద్య వెనుకబడుచున్నదనియు, ఓటుహక్కువంటి పౌరహక్కులను గూర్చి గట్టిగా నడుగకపోవుట జాతికి హానికరమనియు ఆయన వాదించెను. టస్కీజీలో బోధించువారిలో పెక్కుమంది కళాశాలలలో చదివినవారే గదా యని యాయన జ్ఞాపకము చేసెను. ఈ విమర్శలో బలము కలదు. చీపురును పుస్తకమును ఒకదాని కొకటి శత్రువులు గావు. ఒకదానికై మఱియొకదానిని విడువుమనుట పొరపాటు. ధనికుల యాదరముపై నాధారపడిన నాయకుడు కొన్ని సత్యములను బిగ్గరగా పలుకజాలడనుటయు ఈ చరిత్రలోని పాఠమే.

నాయకుని గొప్పతనమునకు పరీక్ష యాతడు పోయిన పిమ్మటనే జరుగును. వాషింగ్టను తరువాత రాబర్ట్ మోటన్ ప్రధానుడయ్యెను. ఆయనయు హాంప్టను పూర్వ విద్యార్థియే. ఆయన కాలమున టస్కీజీలో కళాశాల తరగతు లేర్పడెను. డుబాయిస్ కోరినదానిలో కొంత ఆ విధముగా నెఱవేఱెను. 1935 లో మూడవ ప్రధానుడైన ఫ్రెడరిక్ ప్యాటర్సన్, ఒక్కొక్క కళాశాల వేఱువేఱుగా బిచ్చమెత్తుటకంటె నన్నియు కలిసి యడుగుట మేలని తలచి, 1944 లో 27 కళాశాలలతో నొక సంయుక్త నిధిని స్థాపించెను. అది నేటికిని వేలకొలది పేదవిద్యార్థులకు సహాయము చేయుచున్నది. టస్కీజీ 1985 నుండి విశ్వవిద్యాలయ మను పేరు వహించినది. స్థాపకుని పొరపాట్లను దిద్దుకొని, ఆయన మంచిని నిలుపుకొనిన సంస్థయే పెరుగును.

7. మనకు గల పాఠము

బాలబాలికలారా, మీ తరగతిలోని బల్లలను చూడుడు. వానిపై కత్తితో చెక్కిన పేర్లు కలవు. ఆ పేర్లు చెక్కినవారు పాఠశాలను ప్రేమింపక చెక్కిరని నేననను. తమ గుఱుతు అచ్చట నిలువవలెనను నాశతోనే చెక్కిరి. కాని గుఱుతు నిలుపుటకు మఱియొక మార్గము కలదు. మీరు నాటిన చెట్టు, మీరు అట్టవేసిన గ్రంథాలయపు పుస్తకము, మీరు చదువు చెప్పిన చిన్న తరగతి పిల్లవాడు, ఇవియే మీ పేరును చెఱుగక నిలుపును.

పూర్వ విద్యార్థులారా, వార్షికోత్సవమునకు వచ్చి పాత స్నేహితులను కలిసికొని పోవుటతో మీ బాంధవ్యము ముగియరాదు. పెద్ద విరాళ మియ్యలేమని సిగ్గుపడి యేమియు నియ్యకుండుటకంటె, ఆఱు గ్రుడ్లు తెచ్చిన ముదుసలిని తలచుకొనుడు. ఒక పేద విద్యార్థి పుస్తకముల వెల, సెలవులలో నొక వారము గణితము చెప్పుట, మీరు చేయు వృత్తిని గూర్చి పై తరగతులవారితో నొక గంట మాటలాడుట, ఇందేదియు చిన్నది గాదు.

తల్లిదండ్రులారా, కడపట మీతో నొక మాట. నాయొద్దకు వచ్చిన యా తండ్రికి నేనిప్పు డిట్లు ప్రత్యుత్తర మిత్తును: "అయ్యా, మీ కుమారుని కూలివానిగా జేయుటకు మేము చీపు రియ్యలేదు. పుస్తకమునకు బదులుగా నియ్యలేదు. ఏ కులమువాడైనను, ఏ యింటివాడైనను, ఆ గదిని అందఱును వంతులవారిగా ఊడ్చిరి. వారితో కూడ నేనును ఊడ్చితిని. ఈ గది యొకరి దయచే దొరకిన సత్రము గాదు, తనదే యని వాడు తెలిసికొనవలెనని మా కోరిక. తనదని యెఱిగినవాడు దానిని విడిచిపోయినను మఱచిపోడు."

ఒకవేళ మేము నిజముగా ఊడ్పనిచో, ఒక్క బీదబాలునికే యా పని యప్పగించినచో, ఆ తండ్రి కోపమే న్యాయము. ఈ నియమము ఉపాధ్యాయులమైన మేమును మఱువరాదు. గొడ్డలి ముందుగా ప్రధానోపాధ్యాయుని భుజము నెక్కినందుననే గదా టస్కీజీ విద్యార్థులు వెంట నడచిరి.

ఆలోచించుటకు కొన్ని ప్రశ్నలు

1. హాంప్టనున బుకరునకు పెట్టిన ప్రవేశపరీక్షవలన ఉపాధ్యాయిని యే గుణములను తెలిసికొనగలిగెను? వ్రాతపరీక్షలో నవి తెలియునా?

2. మూడు ఆవములు చెడిన పిమ్మట పని మానుకొనుమన్న యుపాధ్యాయుల మాటలో వివేకము లేదా? ఏ స్థితిలో పట్టుదల మంచిది, ఏ స్థితిలో మొండితన మగును?

3. డుబాయిస్ చేసిన విమర్శను మీ మాటలలో వ్రాయుడు. దానిలో మీరు ఒప్పుకొను నంశ మేది? ఒప్పుకొనని దేది?

4. మీ గ్రామమున గాని, పేటలో గాని ఈ పాఠశాలలో చదివినవారి నొకరిని కలిసికొని, వారికి పాఠశాలలో మిక్కిలి జ్ఞాపకమున్న దేదియో అడిగి పది వాక్యములు వ్రాయుడు.

5. ఈ సంవత్సరము ముగియులోపల పాఠశాలలో మీ చేతితో మీరు చేసి విడువదలచిన పని యేది?